కమ్మి మీద మొదటి టోపీ

మార్చి 6, బుధవారం

రెండుసార్లు స్నానం చేశాను. చేతులకు రక్తం వాసన పోలేదు. తుపాకీ మడమ తన్నిన చోట భుజం నల్లగా కమిలిపోయింది. కాఫీ కప్పు ఎత్తాలన్నా ప్రాణం పోతోంది.

నిన్న సంత ముగిశాక, పొద్దు వాలే వేళ, లైల్ డ్రూరీ లారీ సోడా క్రీక్ వంపులో బోల్తా పడింది. రెండంతస్తుల ట్రైలర్, నిండా ఆవులు. సంతలో పశువుల్ని లారీలకెక్కించే నా ర్యాంపు మీద, నా చేతులతో ఎక్కించినవే. కానిస్టేబుల్ రోలిన్స్ ఫోన్ చేసి, "నోలీన్, నీ తుపాకీ పట్టుకుని రా, నా ఒక్కడి వల్ల కావట్లేదు" అన్నాడు. వెళ్ళేసరికి ట్రైలర్ పక్కకి ఒరిగిపోయి ఉంది. లోపల ఒకదాని మీద ఒకటి కుప్పపడ్డాయి. కడ్డీల సందుల్లోంచి కాళ్ళు, కొమ్ములు, నాలుకలు. బయటపడ్డవి విరిగిన కాళ్ళతో తారు రోడ్డు మీద లేవబోయి పడుతున్నాయి, మళ్ళీ లేవబోతున్నాయి. ఆ అరుపుల గురించి రాయడం నా వల్ల కాదు. రోలిన్స్ అటునుంచి, నేను ఇటునుంచి మొదలుపెట్టాం. నుదుటికి గురిపెట్టడం, కాల్చడం, పక్కదాని దగ్గరికి నడవడం. ఒక ఎర్రావు పొద్దున్నుంచీ నా గొంతు విని విని అలవాటైందేమో, కుంటుకుంటూ నా వైపే వచ్చింది. దాన్ని కాల్చాక వాంతి చేసుకున్నాను. రోలిన్స్ చూడనట్టు అటు తిరిగాడు. మంచివాడు.

లైల్‌ని క్యాబిన్ రేకు కోసి బయటికి తీశారు. కాలు చూశాను. మొహమూ చూశాను. పెదాలు కదులుతున్నాయి. ఏదో చెబుతున్నాడు. దగ్గరికి వెళ్ళలేదు. నాకు ఆవుల పని ఉంది.

ఈమూ పక్షి అడ్డొచ్చి ఉంటుంది. ఆ వంపులో ఈమూలు మందలు మందలుగా తిరుగుతాయి. రోలిన్స్‌తో అదే చెప్పాను.

మార్చి 7, గురువారం

హెలికాప్టర్‌లో టూవూంబా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తెలివి లేదట. కుడికాలు తీసేశారట.

ఈమూయే.

మార్చి 8, శుక్రవారం

ఇవాళ బార్‌లో లారీ డ్రైవరు స్ప్రాట్ పన్ను ఊడగొట్టాను. పశ్చాత్తాపం లేదు.

నేను లోపలికి అడుగుపెట్టానో లేదో, ఆ వెధవ బల్ల మీద ఉన్న తన టోపీ తీసి చొక్కాలో దాచుకుని, "జాగ్రత్తరోయ్, నోలీన్ కాలు ఇవాళ ఖాళీగా ఉంది!" అని అరిచాడు. లారీవాళ్ళంతా గొల్లున నవ్వారు. పిడికిలితో ఒక్కటే ఇచ్చాను. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. బీరు, రక్తం, వాడి పన్ను నేల మీద. పన్ను వెతికి మరీ వాడి చేతిలో పెట్టాను.

"ఆ టోపీల పద్ధతి లేకపోతే మీరంతా ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని చచ్చేవాళ్ళు కాదురా?" అని అడిగాను. "వచ్చినవాడు వచ్చినట్టు ర్యాంపు కమ్మికి టోపీ తగిలిస్తాడు. వరసలో ఎవడి టోపీ ముందుంటే వాడి లారీకి ముందు ఎక్కిస్తాను. మూడుసార్లు పిలుస్తాను. మూడో పిలుపుకి రాకపోతే టోపీ మట్టిలోకి పోతుంది, వాడు వరస చివరికి పోతాడు. ఇందులో అన్యాయం ఎక్కడుంది, చెప్పండి!"

అది మా నాన్న పెట్టిన పద్ధతి. ఒకప్పుడు తాగి లారీల కింద పడుకునేవాళ్ళు. పశువులు ఎండలో నిలబడి నాలుకలు వేలాడేసేవి. నాన్న ఈ టోపీల పద్ధతి పెట్టాక ర్యాంపు ఏనాడూ ఆగలేదు. ఎవరి టోపీనీ ర్యాంపు మనిషి తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. ముందున్న టోపీని దాటి వెనకది పిలవకూడదు. దొరబిడ్డ అయినా అంతే, నా తమ్ముడైనా అంతే. ఈ జిల్లాలో ఇంత నిక్కచ్చిగా నడిచేది ఇంకొకటి ఉంటే చూపించమనండి.

మంగళవారం లైల్ మూడో పిలుపుకి రాలేదు. అంతే జరిగింది.

మార్చి 10, ఆదివారం

డార్లీన్ వచ్చింది. లైల్ భార్య.

ర్యాంపు కడుగుతున్నాను. వెనకనుంచి వచ్చి, పశువుల్ని తోలే ప్లాస్టిక్ గొట్టం ఒకటి గోడకి ఆనించి ఉంటే అది తీసుకుని, నా వీపు మీద కొట్టింది. తిరిగేలోపు మెడ మీద, చెవి మీద. ఆ గొట్టంతో కొడితే ఎద్దు కూడా పరిగెడుతుంది. నేను నీళ్ళ పైపు వదిలేసి దాని జుట్టు పట్టుకున్నాను. తడి సిమెంటు మీద ఇద్దరం జారి పడ్డాం. అది నా ముంజేయి కొరికింది. నేను దాని తలని పేడ నీళ్ళలోకి అదిమాను. ఇద్దరు ఆడవాళ్ళం, యాభై దాటిన దాన్ని నేను, ముగ్గురు పిల్లల తల్లి అది. ఆ కాస్తసేపూ ఒకరినొకరం చంపుకునేవాళ్ళమే.

అలిసిపోయి వదిలేశాం. పేడ కారుతున్న మొహంతో లేచి కూర్చుని, జాకెట్టు లోపలినుంచి ఒక టోపీ తీసి నా ఒళ్ళోకి విసిరింది.

"పోలీసులు ఇచ్చారు. లారీలో దొరికిందట. చూడు, దాని మీద ఏముందో చూడు!"

లైల్ టోపీ. పైన నా బూటు అచ్చు, మడమ దగ్గర అరిగిన చోటుతో సహా.

"పారేస్తే పారేశావు. తొక్కడమెందుకే?" అంది.

"అందరూ నవ్వుతున్నారు... నవ్వుల్లో..."

"ముందురోజు రాత్రంతా నడిపి వచ్చాడు. పొద్దున్నే వచ్చి టోపీ పెట్టాడు. కన్ను మూతపడిన పాపానికి మళ్ళీ చివరికి పంపావు. ఇంక సాయంత్రం దాకా కూర్చోలేదట, నడుస్తూనే ఉన్నాడట. కూర్చుంటే నిద్రపోతానని. నాకు ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? 'నాతో మాట్లాడుతూ ఉండవే డార్ల్, నోలీన్ పిలిచేదాకా' అన్నాడు. పిల్లలకి అన్నం పెట్టాలని నేనే ఫోన్ పెట్టేశాను."

"ఈమూ అడ్డొచ్చింది డార్లీన్" అన్నాను.

అది లేచి, నా మొహం మీద ఉమ్మి, వెళ్ళిపోయింది. తుడుచుకున్నాను. టోపీ ఇంటికి తెచ్చాను. ఎందుకు తెచ్చానో తెలియదు.

మార్చి 11, సోమవారం

విన్స్ వచ్చి స్నానం చేసి, ఫ్రిజ్‌లో ఉన్న మాంసం మొత్తం తినేసి వెళ్ళాడు. పెరట్లో రేకుల గది వాడిదే గాని, వాడు ఉండేది లారీలో. చిన్నప్పుడు నా వీపు మీద మోసిన తమ్ముడు. ఇప్పుడు గుమ్మంలోంచి వంగి రావాలి, అంత ఎత్తు.

నా చెవి వాపు చూసి నవ్వాడు. "డార్లీన్ గట్టిదే! ర్యాంపు దానికి అప్పగించి నువ్వు ఇంట్లో కూర్చో, నోల్."

"నోర్మూసుకుని తిను."

ఫోర్కు పట్టుకున్న వాడి చెయ్యి చూశాను. చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ కాలిన మచ్చ. మచ్చ మీద మచ్చ. పైది ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇదేంట్రా?"

"సిగరెట్. వరసలో ఉన్నప్పుడు వేళ్ళ మధ్య వెలిగించి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాం. చివరిదాకా కాలగానే చురుక్కుమని మెలకువ వస్తుంది. నీ పిలుపు తప్పదు. అందరం చేసేదే, నీకు తెలీదా?" అని పగలబడి నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ తర్వాత గిన్నెలు తోముతుంటే ర్యాంపు దగ్గర నాకు కాగితాలు అందించే చేతులన్నీ గుర్తొచ్చాయి. అందరికీ ఉంది ఆ మచ్చ. అదేదో లారీవాళ్ళ పని మచ్చ అనుకున్నాను ఇన్నేళ్ళూ.

మార్చి 13, బుధవారం

బార్ట్ ఓల్డ్‌ఫీల్డ్ ఇంటికొచ్చాడు. సంత కౌలుకి తీసుకుని నడిపే పెద్దమనిషి, నాకు జీతమిచ్చేవాడు. ఎప్పుడూ లేనిది కేకు తెచ్చాడు.

"రేపు భారీ వాహనాల శాఖ నుంచి ఒకడు వస్తున్నాడు. నువ్వు గేట్లు తెరుస్తావు, మూస్తావు, అంతే. టోపీలు డ్రైవర్లు సరదాకి ఆడుకునే ఆట. నీకూ నాకూ సంబంధం లేదు. అర్థమైందా?"

"మా నాన్న పద్ధతిని ఆట అంటావా?"

"ఒక్క రోజుకి అను. చచ్చినవాడు లేచొచ్చి నిన్ను కొట్టడు. లైల్ నిద్రపోయాడంటే అది లైల్ తప్పు. పంతొమ్మిదో తారీకు సంతకి వానల్లేక జనం మందలకి మందలు అమ్ముకుంటున్నారు. పశువులన్నీ తెల్లారేసరికి కబేళాలో ఉండాలి, నేను మాటిచ్చాను. ఆ ర్యాంపు ఒక్క గంట ఆగినా నీకు ఇంకో పని చూసుకోవాల్సిందే."

"ఈమూ అడ్డొచ్చింది, బార్ట్."

"అద్గదీ! ఆ మాట చెప్పు" అని నా భుజం తట్టాడు. కమిలిన భుజమే. కావాలని కాదు. కానీ ఆ కేకు వాడి మొహానికి కొట్టాలనిపించింది. కొట్టలేదు. కుక్కకి పెట్టాను.

మార్చి 14, గురువారం

ఇన్‌స్పెక్టరు పేరు హాలరన్. సన్నగా, మర్యాదగా, బడి పంతులు లాగా ఉన్నాడు. అరిచేవాళ్ళతో నాకు తేలిక. ఇతను అరవడే!

"లారీల వంతు ఎవరు పిలుస్తారు, మిసెస్ టూహీ?"

"నేనే."

"పిలిచినప్పుడు రాకపోతే?"

"డ్రైవర్లు వాళ్ళలో వాళ్ళు ఏదో ఆట ఆడుకుంటారు. నాకు తెలీదు." నాన్న పేరు మీద ఉమ్మినట్టైంది.

"లైల్ డ్రూరీ ఎప్పుడొచ్చాడు?"

"పొద్దున్నే."

"ఎప్పుడు ఎక్కించారు?"

"చివర."

"పొద్దున్నే వచ్చినవాడు చివరివాడు ఎలా అయ్యాడు?"

నేను టీ తాగాను. అతను ఆగాడు. ఎంతసేపైనా ఆగేలా ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చూడండి, చక్రం పట్టుకున్నది వాడు. నాకు లారీ లైసెన్సే లేదు! నిద్ర చాలలేదని తెలిస్తే నడపకూడదు. మీ చట్టం వాడికి చెప్పండి, నాకు కాదు."

"మీకు కూడా అండీ. ఇక్కడే చాలామంది పొరబడతారు. నడిపేవాడొక్కడిదే కాదు బాధ్యత. లారీని రమ్మన్నవాళ్ళు, ఆపినవాళ్ళు, ఎక్కించినవాళ్ళు, పంపినవాళ్ళు, దించుకునేవాళ్ళు, ఎవరి చేతిలో ఎంత ఉంటే అంత వాళ్ళది. అతను ఇక్కడ ఆగి ఉన్నంతసేపూ పడుకోగలిగాడా లేదా అన్నది ఎవరి చేతిలో ఉంది?"

చేతిలో ఉన్న టీ అతని బూట్ల మీద పోశాను. అవును, పోశాను. అతను కాలు విదిలించుకుని, "పాతవే లెండి" అన్నాడు.

"ఈమూ అడ్డొచ్చింది!" అని అరిచాను.

"ఈమూ లేదండీ. బ్రేకు వేసిన గుర్తు లేదు. పక్కకి తిప్పిన గుర్తూ లేదు. అక్కడ వంపు ఉన్నట్టే తెలియనివాడిలా తిన్నగా వెళ్ళిపోయాడు."

మార్చి 15, శుక్రవారం

ఈమూ లేదట.

మార్చి 16, శనివారం

ఇన్‌స్పెక్టరు వచ్చిపోయాడని ఊరంతా తెలిసింది. నేనేదో చెప్పేశాననీ, ర్యాంపు మూసేస్తారనీ పుకారు. పొద్దున కాఫీ పెట్టుకుంటుంటే వంటింటి కిటికీ పగిలి ఇటుక వచ్చి పొయ్యి మీద పడింది. గాజు ముక్క కనుబొమ్మ మీద దిగింది. గొడ్డలి పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. వాడు కారులో పారిపోయాడు. దొరికి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. తల్చుకుంటే భయం వేస్తోంది.

చెప్పిందేమీ లేదే నేను! చెప్పకుండానే ఇటుక పడింది.

మార్చి 17, ఆదివారం

సోడా క్రీక్ వెళ్ళాను. వాన లేదు కాబట్టి గుర్తులు అలాగే ఉన్నాయి. నేరుగా తారు దాటి, మట్టి దాటి, కంచె దాటి. బడిపిల్లలు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. ఈగలు ముసిరి ఉన్నాయి. కంచె గుంజ ఒకటి మిగిలి ఉంటే దాన్ని గుద్దాను. మెటికలు చిట్లేదాకా గుద్దాను. గుంజ ఏం చేసింది పాపం!

పొడుగ్గా పడి ఉన్న ఆ గీత మీద నడిచి చూశాను. అక్కడ వాడు నిద్రలో ఉన్నాడు. నేను పెట్టిన నిద్ర అది. పగలంతా ఆపి, సాయంత్రం బండి నిండా బరువెత్తి, వాడి చేతిలో పెట్టి పంపాను. ఛీ.

ఎల్లుండి సంత. విన్స్ ఎక్కడో ఉత్తరాన లోడు దించి నేరుగా ఇక్కడికి వస్తాడట. ఫోన్‌లో గొంతు ముద్దగా ఉంది. "నీ పిలుపుకి ఉంటానులే" అన్నాడు.

మార్చి 19, మంగళవారం

ఇవాళే రాయాలి.

తెల్లవారుతూనే వెళ్ళి లైల్ టోపీని కమ్మి మీద మొదటి చోట పెట్టాను. కమ్మికి అడ్డంగా ఉన్న కర్రకి కంచె మేకుతో బిగించి కొట్టాను. బూటు అచ్చు బయటికి కనిపించేలా. లారీలు రావడం మొదలైంది. ఒక్కొక్కడే టోపీ తగిలించడానికి వచ్చి దాన్ని చూసి ఆగిపోతున్నాడు.

సంత గంట మోగాక ర్యాంపు ఎక్కి పిలిచాను. "లైల్ డ్రూరీ!" ఎవరూ నవ్వలేదు. "లైల్ డ్రూరీ!" మూడోసారి కూడా పిలిచాను.

"రాలేదు. పద్ధతి ప్రకారం మట్టిలో పారెయ్యాలి. పారెయ్యను. మొదటి టోపీ వాడిది. వాడొచ్చేదాకా వెనక టోపీ పిలవను. అంటే ఇంక ఏ టోపీనీ పిలవను. దొడ్లలో పశువులకి నీళ్ళున్నాయి, గడ్డి ఉంది, నీడ ఉంది, అవి రేపటిదాకా ఉంటాయి. మీరు పోయి పడుకోండి. నిద్రపోయి లేచినవాడు నా దగ్గరికి నడిచి రండి. మొహం చూసి ఎక్కిస్తాను. వరస ఎవడిదీ పోదు."

అప్పుడు మొదలైంది గోల! "నీకు పిచ్చెక్కిందే?" "కబేళావాడు మమ్మల్ని తంతాడు!" బార్ట్ తన గదిలోంచి పరిగెత్తుకొచ్చి, "దించండి దాన్ని కిందికి! ఆ ర్యాంపు నాది!" అని ఊగిపోయాడు. ఒక సీసా గాల్లో వచ్చి నా కనుబొమ్మ మీద పగిలింది. శనివారం పడ్డ గాయం మీదే. రక్తం కంట్లోకి దిగింది. ఎవడో ర్యాంపు మీదికి ఎక్కబోతే బూటుతో ఛాతీ మీద తన్నాను, దొర్లుకుంటూ పోయాడు. ఇంకొకడు నా కాలు పట్టి లాగాడు. వాడి చెవి మెలిపెట్టాను. ఇంతమంది మీదపడుతున్నా ఒక్కడంటే ఒక్కడు ఆ టోపీ జోలికి మాత్రం పోలేదు. ఇంకొకడి టోపీ ముట్టకూడదు కదా. నన్ను కొట్టొచ్చు, టోపీని ముట్టకూడదు! అదీ మా వాళ్ళ సంగతి.

విన్స్ అప్పుడే వచ్చాడు. నేరుగా లారీని ర్యాంపుకి వెనక్కి ఆనించాడు. ఆనించడం కాదు, గుద్దాడు. దిగుతూ మెట్టు తప్పి మోకాళ్ళ మీద పడ్డాడు. కళ్ళు రెండూ పచ్చి మాంసంలా ఉన్నాయి.

"నాకు ఎక్కించు నోల్. నేను వెళ్ళాలి."

"పడుకో విన్స్."

"అందరి ముందూ నా పరువు తియ్యకు. బార్ట్ నాకు మొదటి లోడు అన్నాడు."

"పడుకోరా."

"నువ్వెవరే నాకు పడుకోమని చెప్పడానికి? అమ్మవా?" అని వచ్చి నన్ను చెంప మీద కొట్టాడు. వీపు మీద మోసిన తమ్ముడు. నేను తిరిగి కొట్టాను. వాడు ఊగాడు గాని ఆగలేదు. ర్యాంపు కొసన పైనుంచి కిందికి దిగే ఇనుప గేటు ఉంది, కప్పీ మీదుగా తాడు. అది దించితే ఒక్క పశువు కూడా లారీలోకి పోదు. నేను తాడు ముడి విప్పి బిగించి పట్టుకున్నాను. వాడు నా ఎత్తు గ్రహించాడు. గబుక్కున వెళ్ళి గేటు కింద గడప మీద తన ముంజేయి అడ్డంగా పెట్టాడు.

"వెయ్యి. వేస్తే నా చెయ్యి మీద వెయ్యి. నువ్వు వెయ్యవు, నాకు తెలుసు. ఒరేయ్, పశువుల్ని తోలండ్రా!"

కింద ఎవడో దొడ్డి గేటు తెరిచాడు. గిట్టల చప్పుడు వినిపించింది.

"చెయ్యి తియ్యి విన్స్" అన్నాను.

నవ్వాడు. 

"చెయ్యి తియ్యి విన్స్."

ఈసారి నవ్వలేదు. చూస్తే కళ్ళు మూతపడ్డాయి. అంత గోలలో, గేటు కింద చెయ్యి పెట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునికాడు. నోరు తెరుచుకుంది. చిన్నప్పుడు నా భుజం మీద పడుకున్నప్పటి నోరే. అలాంటివాడి వెనక రెండంతస్తుల ఆవుల్ని కట్టి సోడా క్రీక్ మీదుగా పంపాలి నేను.

"విన్స్!" అని అరిచాను.

ఉలిక్కిపడి, "మెలకువగానే ఉన్నా నోల్, మెలకువగానే ఉన్నా" అన్నాడు.

తాడు వదిలేశాను.

ఎముక చప్పుడు అందరికీ వినిపించింది. వాడి అరుపుకి ర్యాంపు మీదికి వస్తున్న ఎద్దులు బెదిరి వెనక్కి తిరిగాయి. నేనే గేటు ఎత్తాను, నేనే వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఎడమ చేత్తో నన్ను గుద్దుతున్నాడు, బూతులు తిడుతున్నాడు, ఏడుస్తున్నాడు. "తిట్టరా, తిట్టు" అన్నాను. ముంజేయి మోచేతికీ మణికట్టుకీ మధ్య ఇంకో కీలు ఉన్నట్టు వంగిపోయింది.

కింద ఎవరూ కదల్లేదు. చివరికి స్ప్రాట్ కదిలాడు. పన్ను లేని నోటితో, "నాకు చేతులు రెండూ కావాలమ్మా తల్లీ" అని, తన లారీ ఎక్కి, తలుపు వేసుకుని, అద్దానికి తువ్వాలు కట్టుకున్నాడు. వాడి వెనక ఇంకొకడు. అంబులెన్స్ వచ్చేసరికి సగం లారీలకి తువ్వాళ్ళు వేలాడుతున్నాయి.

మార్చి 20, బుధవారం

పని పోయింది. బార్ట్ ఫోన్‌లో చెప్పాడు, కేకు తేలేదు. కొత్త మనిషిని పెడతాడట. ఎవర్ని పెట్టినా ఆ మేకు మాత్రం పీకలేరు. పీకాలంటే లైల్ టోపీ ముట్టాలి, ఆ బూటు అచ్చు చూశాక ఎవడూ ముట్టడు.

హాలరన్‌కి ఫోన్ చేశాను. "పిలిచింది నేనే, విసిరింది నేనే, తొక్కింది నేనే. బార్ట్ చెప్పమన్న అబద్ధం చెప్పాను, అదీ రాసుకోండి" అన్నాను. నాకేం శిక్ష పడుతుందో అడిగాను. తన చేతిలో లేదన్నాడు. బూట్లు ఆరాయా అని కూడా అడిగాను. ఆరాయన్నాడు.

ఆసుపత్రిలో విన్స్ రోలిన్స్‌తో "తాడు జారింది" అని చెప్పాడట. నేను వెళ్ళి "జారలేదు, వదిలాను" అని చెప్పాను. రోలిన్స్ తల పట్టుకుని, "మీ ఇంట్లో ఒక్కరైనా నాకు తేలికైన పని ఇవ్వరా?" అన్నాడు.

విన్స్ నిన్న కట్టు వేసినప్పటినుంచీ నిద్రపోతూనే ఉన్నాడు. నర్సు అన్నం పళ్ళెం రెండుసార్లు వెనక్కి తీసుకెళ్ళింది. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి నన్ను చూసి, "నీ మొహం చూడను ఫో" అని మళ్ళీ పడుకున్నాడు. నేను పోలేదు. వాడి వేళ్ళ మధ్య మచ్చకి మందు రాస్తూ కూర్చున్నాను. నేను చేసింది మంచి పని అని ఎవరైనా అంటే వాళ్ళని కూడా కొడతాను. ఇంకో దారి తట్టలేదు, అంతే. నా బతుకులో నాకు తెలిసిందల్లా కొట్టడమే.

మార్చి 24, ఆదివారం

డార్లీన్ ఫోన్ చేసింది. ఎత్తగానే తిడుతుందని సిద్ధంగా ఉన్నాను.

"లైల్ కళ్ళు తెరిచాడు" అంది.

ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను.

"తెరిచినవాడు మూయట్లేదు నోలీన్. రెండు రోజులైంది. మందిచ్చినా మూయట్లేదు. మూతపడబోతే తనని తాను గిల్లుకుంటున్నాడు, కట్టు ఊడేలా కొట్టుకుంటున్నాడు. కాలు లేదని చెప్పాను, లారీ లేదని చెప్పాను, వినడు. పడుకుంటే వంతు పోతుందంటాడు." ముక్కు చీదింది. "'మెలకువగానే ఉన్నా నోలీన్, టోపీ పారెయ్యకు.' అదొక్కటే మాట. రేకు కోసి తీసినప్పుడు కూడా అదే అన్నాడని అంబులెన్స్‌వాళ్ళు చెప్పారు."

రోడ్డు మీద కదిలిన ఆ పెదాలు. నాతోనే అన్నాడు. నేను ఆవుల దగ్గరికి వెళ్ళిపోయాను.

"నిన్ను చూస్తే చంపుతాను. అది అలాగే ఉంది" అంది డార్లీన్. "కానీ నా మాట వినట్లేదు వాడు. ఫోన్ చెవి దగ్గర పెడతాను. నువ్వు చెప్పు."

ఊపిరి వినిపించింది. బరువుగా, తొందరగా, పరిగెత్తే మనిషి ఊపిరిలాగా. నేను ర్యాంపు మీద నిలబడ్డప్పటి గొంతు తెచ్చుకున్నాను. వాడికి తెలిసిన గొంతు అదొక్కటే.

"లైల్ డ్రూరీ!"

"ఉన్నా" అన్నాడు. "ఉన్నా నోలీన్, మెలకువగానే..."

"నీ టోపీ మొదటిది. మేకు కొట్టాను. నిన్ను దాటి ఎవడూ పోడు. నువ్వు ఎప్పుడు లేస్తే అప్పుడే నీ వంతు. ఇంక పడుకో, నాన్నా."

అవతల ఏదో గరగరమంది, డార్లీన్ ఏడుపు దూరంగా వినిపించింది. నేను ఫోన్ పెట్టలేదు. వాడి గురక వినిపించేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.